బ్లైట్‌టౌన్‌కు ఏ దారి మేలు: డెప్త్స్ మీదుగానా, లోయ మీదుగానా?

డార్క్ సోల్స్ వీడియో గేమ్ మొదటి భాగం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాదాపు ఒకే దగ్గర ఆగి ఒకే ప్రశ్న వేస్తారు. ఆటలో మోగించాల్సిన రెండు గంటల్లో మొదటిది మోగించేశాం, రెండోది బ్లైట్‌టౌన్ అనే ప్రాంతం అడుగున క్వీలాగ్ అనే బాస్ (పెద్ద శత్రువు) వెనక ఉందట, అక్కడికి దిగడమెలా? డెప్త్స్ అనే మురుగు కాలువల ప్రాంతం పూర్తి చేసి పైనుంచి దిగమని కొందరంటారు. చాలా తాళాలు తీసే మాస్టర్ కీ ఉంటే వ్యాలీ ఆఫ్ డ్రేక్స్ అనే లోయ వైపు నుంచి దూరిపొమ్మని కొందరంటారు. రెండు సలహాల్లోనూ నిజం ఉంది. ఏది మీకు పనికొస్తుందన్నది మాత్రం వేరే లెక్క.

చాలామంది ఈ రెండు దారులనూ శత్రువుల బలంతో పోలుస్తారు. నా దృష్టిలో తేల్చాల్సింది అది కాదు. చచ్చిన ప్రతిసారీ ఎంత దూరం మళ్లీ నడవాలి, పని అయ్యాక పైకి ఎలా రావాలి, ఈ రెండూ చూడాలి. ఈ ఆటలో బాన్‌ఫైర్ (చచ్చాక మళ్లీ లేచే నెగడు) నుంచి బాన్‌ఫైర్‌కు ఎగిరే వీలు లార్డ్‌వెసెల్ అనే వస్తువు చేతికొచ్చాకే, అంటే ఆనర్ లోండో అనే తర్వాతి ప్రాంతం ముగిశాకే వస్తుంది. అప్పటిదాకా దిగిన ప్రతి మెట్టూ కాళ్లతోనే ఎక్కాలి. బ్లైట్‌టౌన్ విసిగించేది అందుకే. అక్కడి శత్రువులు ఒక్కొక్కరుగా చూస్తే పెద్ద మొనగాళ్లేం కాదు.

ముందు డెప్త్స్ దారి. దీనికి లోయర్ అన్‌డెడ్ బర్గ్‌లో కాప్రా డీమన్‌ను చంపి డెప్త్స్ తాళంచెవి తెచ్చుకోవాలి. డెప్త్స్ చివర గేపింగ్ డ్రాగన్‌ను చంపితే బ్లైట్‌టౌన్ తాళంచెవి దొరుకుతుంది. అంటే క్వీలాగ్ ముఖం చూడకముందే ఇద్దరు బాస్‌లు. మధ్యలో బాసిలిస్క్‌లనే జీవులు ఊదే శాపపు పొగ ఉంది. శాపం తగిలితే ప్రాణం సగానికి పడిపోతుంది, పర్జింగ్ స్టోన్ వాడేదాకా అలాగే ఉంటుంది. సగం ప్రాణంతో బ్లైట్‌టౌన్‌లో దిగడం కన్నా వెనక్కి వెళ్లి శాపం వదిలించుకురావడమే నయం.

ఆ తలుపు దాటాక చెక్క వంతెనలు, నిచ్చెనలు, ఊగే పలకలు. పైభాగంలో దుడ్డుకర్రల బండమనుషులు తగులుతారు. వాళ్లతో అంచున నిలబడి కలబడొద్దు. వెనక్కి లాగి కాస్త వెడల్పున్న చోటికి తెచ్చుకోండి, లేదా వాళ్లు దెబ్బ గురితప్పి తామే పడిపోయేలా అంచుకు రప్పించండి. ఇరుకు పలక మీద లాక్ ఆన్ (చూపును ఒకే శత్రువు మీద కట్టిపడేసే ఏర్పాటు) తీసేయాలి. లాక్ ఉండగా పక్కకు దొర్లితే పాత్ర శత్రువు చుట్టూ తిరుగుతుంది తప్ప పలక వెంట వెళ్లదు, నేరుగా గాల్లోకి పోతుంది. ఇక్కడ జరిగే చావుల్లో పెద్ద భాగం ఈ రకంవే.

అసలు గండం ఊదుగొట్టపు బాణాలవాళ్లు. వాళ్ల సూది తగిలి తెర మీది విషపు గుర్తు నిండితే పట్టేది మామూలు విషం కాదు, టాక్సిక్. ప్రాణం గబగబా కారిపోతుంది, చాలాసేపు వదలదు, ఎస్టస్ తాగితే ప్రాణం పెరుగుతుందే కానీ విషం పోదు. విషానికి తినే మామూలు పర్పుల్ మాస్ (నాచు) దీనికి పనిచేయదు, బ్లూమింగ్ పర్పుల్ మాస్ కావాలి. లోయర్ అన్‌డెడ్ బర్గ్ నుంచి మన ప్రధాన మజిలీ ఫైర్‌లింక్ వైపు వచ్చే కాలువ దగ్గర కూర్చునే ముసలి వ్యాపారి దగ్గర అది దొరుకుతుంది. నాలుగైదు లేకుండా ఈ దారిన దిగొద్దు. ఒక్క ఊరట ఏమిటంటే ఈ బాణాలవాళ్లు ఒకసారి చస్తే మళ్లీ రారు. కాబట్టి పరిగెత్తి దాటేయాలని చూడకండి. విల్లు ఉంటే దూరం నుంచే ఒక్కొక్కరినీ కూల్చండి. ఆ సోదాలో చచ్చినా నష్టం లేదు, తర్వాతి ప్రయాణంలో దారి తేలికవుతుంది.

పైభాగంలో మధ్యలో ఒక బాన్‌ఫైర్, అడుగున చిత్తడిలో మురుగు గొట్టంలో ఇంకొకటి ఉన్నాయి. ఈ రెండింటి మధ్య దూరమే ప్రాణం తీస్తుంది. ఓపికగా పోతే ఐయటో కత్తి, పవర్ విదిన్ అనే పైరోమాన్సీ (నిప్పు మంత్రం), ఈగిల్ షీల్డ్ దొరుకుతాయి. కత్తి, పైరోమాన్సీ రెండూ చాలా ఆటల్లో చివరిదాకా పనికొచ్చేవే. 2011లో వచ్చిన పాత వెర్షన్‌ను పీఎస్3లోనో ఎక్స్‌బాక్స్ 360లోనో ఆడేవాళ్లకు ఇక్కడ ఫ్రేమ్‌లు బాగా పడిపోయి బొమ్మ తడబడుతుంది, దొర్లడం ఆలస్యంగా పలుకుతుంది. 2018 రీమాస్టర్డ్‌లో ఆ బాధ పెద్దగా లేదు.

ఇక లోయ దారి. మాస్టర్ కీ ఉండాలి. పాత్రను తయారుచేసేటప్పుడే బహుమతిగా ఎంచుకోవాలి, లేదా థీఫ్‌గా మొదలుపెట్టాలి, అతనికి మొదట్నుంచీ ఉంటుంది. ఫైర్‌లింక్ నుంచి లిఫ్ట్‌లో న్యూ లోండోకు దిగండి. దయ్యాలుండే వంతెన దాకా పోనక్కర్లేదు, ఈవలే తాళమున్న తలుపు ఉంటుంది. అక్కడినుంచి లోయలోకి తేలతారు. నీలి డ్రేక్‌లు మెరుపు ఊదుతాయి, వాటితో పోరాటం ఈ దశలో అనవసరం. ఈ వైపు నుంచి దాటాల్సింది కొద్ది దూరమే, పరుగు ఆపకుండా ఎదుటి గుహలోకి దూరిపోండి. లోపల నిచ్చెనలు దిగితే నీటి చక్రపు లిఫ్ట్ వస్తుంది. దాని పలకలు ఒక వైపు దిగుతుంటాయి, ఇంకో వైపు ఎక్కుతుంటాయి. దిగే వైపు పలక మీద నిలబడి, కిందికి రాగానే తప్పుకోవాలి. చిత్తడి ఎదురుగానే ఉంటుంది. కాప్రా లేదు, గేపింగ్ డ్రాగన్ లేదు, టాక్సిక్ సూదులు లేవు.

ఇక్కడే నా మొగ్గు ఎటో తెలిసిపోతుంది. లోయ దారిలో వెళ్లేవాళ్లు చిత్తడి బాన్‌ఫైర్ దగ్గర కూర్చోకుండానే క్వీలాగ్‌ను ప్రయత్నించొచ్చు. చస్తే ఫైర్‌లింక్‌లో లేస్తారు, దారి తెలిశాక మళ్లీ రావడం పెద్ద దూరమేమీ కాదు. గెలిచి గంట మోగించాక చివరగా కూర్చున్న బాన్‌ఫైర్‌కు చేర్చే హోమ్‌వార్డ్ బోన్ ఒకటి వాడితే నేరుగా ఫైర్‌లింక్‌లో ఉంటారు. చిత్తడిలో కూర్చున్నవాళ్లకు అదే బోన్ మళ్లీ చిత్తడికే తెచ్చి పడేస్తుంది. పదే పదే ఓడిపోతుంటే మాత్రం పంతం పట్టకుండా కూర్చోండి. ఎక్కే పని తర్వాత చూసుకోవచ్చు.

అయితే లోయ దారికి ఒక పెద్ద లోటుంది: లార్జ్ ఎంబర్. అది డెప్త్స్‌లో ఉంది. కమ్మరి ఆండ్రే చేతికి అది ఇస్తే తప్ప మామూలు ఆయుధం +5 మెరుగుదల స్థాయి దాటదు. పైగా +5 తర్వాత కావలసిన లార్జ్ టైటనైట్ షార్డ్‌లు బ్లైట్‌టౌన్ చిత్తడిలోని జలగలే రాలుస్తాయి. ఎంబర్ లేకుండా జలగల్ని చంపుకుంటూ కూర్చుంటే సంచి నిండుతుంది, కత్తి మాత్రం పెరగదు. డెప్త్స్ మొత్తం చేయనక్కర్లేదు. ఎంబర్ మొదట్లోనే, కసాయిల వంటగది దాపుల్లో పెట్టెలో ఉంటుంది. పీపాలో బందీగా ఉన్న లారెన్షియస్ కూడా ఆ చుట్టుపక్కలే దొరుకుతాడు, విడిపిస్తే పైరోమాన్సీ నేర్పుతాడు. కాప్రాను చంపి, ఎంబర్ తీసుకుని, లారెన్షియస్‌ను విడిపించి, బాసిలిస్క్‌ల దాకా పోకుండా వెనక్కి తిరిగి లోయ దారి పట్టడం అన్నిటికన్నా మేలని నా గట్టి నమ్మకం. గేపింగ్ డ్రాగన్ ఎక్కడికీ పోదు, బలం పెరిగాక రావొచ్చు.

మాస్టర్ కీ లేనివాళ్లకు డార్క్‌రూట్ బేసిన్ నుంచి లోయలోకి దిగే లిఫ్ట్ ఉంది, తాళం అక్కర్లేదు. కానీ లోయలో నడక ఎక్కువ, డ్రేక్‌లు ఎక్కువ. చేయగలిగినవాళ్లు చేయొచ్చు, మొదటిసారి ఆడేవాళ్లకు చెప్పను.

ఏ దారిన వచ్చినా చిత్తడి ఒకటే. అందులో కాలు పెడితే నడక మందగిస్తుంది, విషం ఎక్కుతుంది. ఇది మామూలు విషమే, ఎస్టస్‌తో నెట్టుకురావొచ్చు. చిత్తడి మధ్యలో మాస్ తినడం దండగ. విషం తగ్గిన మరుక్షణం గుర్తు మళ్లీ నిండడం మొదలవుతుంది. ఎక్కిన విషాన్ని అలాగే ఉండనిచ్చి, తెల్లని సాలెగూళ్ల దిబ్బ ఎక్కాక, క్వీలాగ్ గదికి అడ్డుగా ఉండే పొగమంచు ముందు పొడినేల మీద తినండి. దోమలు ఎన్ని చంపినా వస్తూనే ఉంటాయి, వాటి జోలికి పోకండి. నడక మందగించకూడదంటే రస్టెడ్ ఐరన్ రింగ్ కావాలి. ఫైర్‌లింక్ కప్పు మీద ఎఫ్2 వెస్ట్ కీ తీసుకుని, గూటిలో ముడుచుకుని పడుకుంటే కాకి ఆట మొదలైన అన్‌డెడ్ అసైలమ్‌కు తీసుకెళుతుంది, ఆ తాళం తీసిన గదిలో ఉంగరం ఉంటుంది. అసైలమ్‌లో పాత బాస్ హాలు నేల ఈసారి కూలుతుంది, కింద స్ట్రే డీమన్ ఉంటాడు. అంత తిప్పలు ఒక్కసారి దాటడానికి వద్దనిపిస్తే వదిలేయొచ్చు. చిత్తడిలో తిరిగి ఫైర్ కీపర్ సోల్, జలగలు వెతకాలనుకునేవాళ్లకు మాత్రం ఉంగరం తప్పనిసరి.

మీరు మానవ రూపంలో ఉంటే క్వీలాగ్ బతికుండగా మాన్‌ఈటర్ మిల్డ్రెడ్ చిత్తడిలో దాడికొస్తుంది. ఓడిస్తే తర్వాత క్వీలాగ్ పొగమంచు దగ్గర ఆమె గుర్తే కనిపిస్తుంది, సాయానికి పిలుచుకోవచ్చు. క్వీలాగ్ కింద సాలీడు, పైన ఆడమనిషి; ఆ పై శరీరం సాలీడు మీదకు వాలిందంటే పేలుడు వస్తోందని అర్థం, కొడుతున్న చేతిని ఆపి దూరం పరిగెత్తండి. మిగతా సమయమంతా లావా కక్కే నోటికి ఎదురుగా కాకుండా పక్కన, వెనక ఉంటే చాలు.

డెప్త్స్ దారిన దిగినవాళ్లు పైకి వెళ్లేటప్పుడు ఆ వంతెనలన్నీ మళ్లీ ఎక్కకండి. నీటి చక్రం పట్టుకుని ఎక్కితే లోయ వైపు పోయే దారిలో ఒక పెట్టెలో న్యూ లోండో తాళంచెవి ఉంటుంది. మాస్టర్ కీ లేనివాళ్లకు ఆ తలుపు దానితోనే తెరుచుకుంటుంది, అక్కడినుంచి ఫైర్‌లింక్‌కు ఒక లిఫ్ట్ దూరం.