పూసల దండా, గింజల చార్టా, బంకమట్టా? చిన్నపిల్లల లెక్కలకి ఏది మేలు

అంగన్‌వాడీకో యూకేజీకో పోయే పిల్లలున్న అమ్మలు నన్ను అడిగేది ఒకటే, ఇంట్లో చేతిపని చేయిస్తా లెక్కలు నేర్పాలంటే ఏది మొదలుపెట్టాలక్కా అని. మా అనంతపురంలో ఎక్కువమంది చేయించేవి చార్టు మీద గింజలు అతికించడం, బంకమట్టితో బొమ్మలు, పూసలు గుచ్చడం. మూడూ మంచివే గానీ నా ఓటు పూసలకే.

గింజల చార్టుకి ఖర్చే లేదు. శెనక్కాయలు మన దగ్గర ఎవరింట్లోనైనా ఉంటాయి, చింతగింజలు సరేసరి. 5 అంకె పక్కన ఐదు గింజలు పెట్టేటప్పుడు ఒక్కో గింజకి ఒక్కో అంకె చెప్పాలని పిల్లలకి తెలుస్తుంది, లెక్కల్లో మొదటి మెట్టు అదే. కాకపోతే బంక ఆరినాక గింజ కదలదు, ఇంక దాంతో కూడేది లేదు తీసేసేది లేదు, గోడకి తగిలించి చూసుకోవడమే. దానికంటే అవే గింజలతో వామనగుంటలు ఆడించండి, గుంటకొకటి పంచుకుంటా పోతే బోలెడు లెక్క వస్తుంది.

బంకమట్టి పొడుగు పొట్టి, సగం, సమానం ఇట్లాంటివాటికి చాలా బాగుంటుంది. పిల్లల ముందరే మట్టి ఉండని పాములాగా సాగదీసి మట్టి ఎక్కువైందా అని అడిగితే ఐదేళ్ల పిల్లలు చాలామంది ఎక్కువైందనే అంటారు, పిల్లలు ఎట్లా ఆలోచిస్తారో పరిశోధించిన పియాజే చెప్పింది ఇదే. మట్టితో అంకెలు చేయించడం మాత్రం రాతకి పనికొస్తుంది, లెక్కకి పెద్దగా కాదు.

నా దృష్టిలో అసలు చూడాల్సింది ఏందంటే, చేసిన వస్తువులో పది కనపడాలి, చేసినాక కూడా అది రోజూ పిల్లల చేతిలో తిరగాలి. పది ఎర్రవి, పది తెల్లవి, మళ్లీ పది ఎర్రవి, ఇట్లా వంద పూసలు గుచ్చించండి. ఢిల్లీలో జోడో జ్ఞాన్ అనే సంస్థ వాళ్ల గణితమాల ఇట్లాంటిదే. గుచ్చేటప్పుడు ఒక పూస తక్కువైతే రెండు పదుల్ని పక్కపక్కన పెడితే చాలు, పొట్టిది ఏదో పిల్లలే కనిపెట్టి సరిచేసుకుంటారు, మనం తప్పు అనే పనే లేదు. తర్వాత దండని రెండు మేకులకి కట్టి, బట్టల క్లిప్పు ఇచ్చి 38 యాడుందో పెట్టమనండి. మొదట్లో ఒకటి నుంచీ లెక్కపెడతారు, కొన్నాళ్లకి మూడు రంగులు దాటి ఎనిమిది ముందుకి పోతారు, ఇంకొన్నాళ్లకి 40 దగ్గరికి పోయి రెండు వెనక్కి వస్తారు. ఎనిమిదికి ఐదు కలపమంటే రెండుతో ఆ రంగు అయిపోయి మూడు పక్క రంగులోకి పోతాయి, 13 ఎట్లొచ్చిందో కంటికే కనపడుతుంది. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్‌లో ఒకటో తరగతికి 99 దాకా అంకెలు రావాలని పెట్టినారు, ఈ ఒక్క దండలో అదంతా ఉంది.

పూసలన్నీ ఒకే సైజువి తీసుకోండి, మట్టితో ఇంట్లో చేసినవి ఎచ్చుతగ్గులుంటాయి కాబట్టి పొడుగు కుదరదు. నైలాన్ దారం వాడి, పూసలు జరపడానికి కొంచెం ఖాళీ వదలండి.

కాగితం మడతలు సగం, పావు చెప్పేటప్పుడు చూసుకోవచ్చు. అబాకస్ క్లాసులకి ఈ వయసులో తొందర లేదు.

మూడేళ్ల లోపు పిల్లలు ఇంట్లో ఉంటే పూసలూ గింజలూ రెండూ అందనీయొద్దు, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. నాలుగేళ్లవాళ్లకి ఇరవై పూసలు చాలు, అవి బాగా వచ్చినాక అదే దారానికి ఇంకో పది ఎక్కించుకుంటా పోండి.