అమృతమా, బీనా: మళ్ళీ చూస్తే ఏది మేలు?

సిరిమానోత్సవానికి వచ్చిన చుట్టాలతో విజయనగరంలోని మా ఇల్లు నిండిపోయింది. మంగళవారం రాత్రి, నిలబడి నిలబడి అందరికీ కాళ్ళు లాగుతున్నా ఒక్కరికీ నిద్ర లేదు. పాత హాస్యం ఏదైనా పెట్టమన్నారు. నా ఈడువాళ్ళు ‘అమృతం’ అన్నారు, పిల్లలు ‘మిస్టర్ బీన్’ అన్నారు. రెండూ చూశాం.

పిల్లల మాటే ముందు చెల్లింది. 1990లో వచ్చిన బీన్ మొదటి భాగం. పరీక్ష హాల్లో పక్కవాడి కాగితంలోకి తొంగిచూడటానికి రోవన్ అట్కిన్సన్ పడే అవస్థ. మాటలు దాదాపు లేవు కనుక ఎనిమిదేళ్ళ మేనకోడలూ, డెబ్బై దాటిన అమ్మా ఒకేసారి పొట్ట పట్టుకున్నారు. నేనూ నవ్వాను. చిన్నప్పుడు ఎక్కడ నవ్వానో సరిగ్గా అక్కడే, అంతే నవ్వాను. రెండు భాగాలయ్యాక చాలనిపించింది.

‘అమృతం’ మొదలవగానే భయపడ్డాను. 2001 నుంచి 2007 దాకా ఆదివారం రాత్రి జెమినీ టీవీలో ఇది వస్తుందని ముందే అన్నాలు ముగించేవాళ్ళం. అంత ఎదురుచూసింది దీనికోసమేనా? నడక నెమ్మది. పెళ్ళాల దగ్గర అబద్ధాలు దాచే కథలు ఇప్పుడు విసుగు. అమృతరావుగా శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ వరసగా మారారన్నది అప్పట్లో నాకు పట్టనే లేదు, ఇప్పుడు ప్రతిసారీ తడబడ్డాను. అమృతరావు నేస్తం ఆంజనేయులు మాత్రం చివరిదాకా గుండు హనుమంతరావే. ఆయన 2018లో పోయారు. ఆ ముఖం తెరమీదికి రాగానే గదిలో నవ్వుకు ముందు ఒక్క క్షణం నిశ్శబ్దం.

అయితే మూడో భాగానికి సంగతి మారింది. వాళ్ళిద్దరి హోటల్ అమృత విలాస్‌లో గిరాకీ లేదు, ఇంటి యజమాని అప్పాజీ సణుగుడు ఆగదు, ఆంజనేయులు దగ్గర కొత్త ఆలోచన ఎప్పుడూ సిద్ధం. చిన్నప్పుడు వాళ్ళు తినే తిట్లకు నవ్వేవాణ్ణి. ఈ మధ్యలో నేనూ గంటస్తంభం దగ్గర టిఫిన్ హోటల్ పెట్టి, పద్నాలుగు నెలలకు మూసేశాను. ఇప్పుడు వాళ్ళ ధైర్యానికి నవ్వొస్తోంది. రేపటినుంచి జనం బారులు తీరతారన్న నమ్మకం ఉంది చూడండి, అది నాకు బాగా తెలిసిన జబ్బు.

ఇందులో పాత రోజుల మీద మమకారం ఎంత? కొంత ఉంది, దాచను. 2020లో వచ్చిన ‘అమృతం ద్వితీయం’లో ఎల్.బి. శ్రీరామ్ ఆంజనేయులుగా వచ్చారు. ఆయన మంచి నటుడే, అయినా రెండు భాగాలు దాటలేకపోయాను. తప్పు ఆయనది కాదు, నాది.

పిల్లలతో కూర్చుంటే బీన్ మేలు, ఎవరికీ ఏదీ విడమరచి చెప్పక్కరలేదు. నాకు మాత్రం అమృతమే, విసుగు పుట్టిన భాగాలు దాటేస్తూ.

హోటల్లో నా భాగస్వామి మా బావ. ఆ రాత్రి సోఫాలో నా పక్కనే ఉన్నాడు. ఒంటిగంట దాటాక, తెరమీద ఆంజనేయులు ఏదో లెక్క చెబుతుండగా నా వైపు తిరిగాడు.

“ఏమోయ్, ఇంతకీ ఆ కొబ్బరికాయల లెక్క తప్పింది నీదా, నాదా?”

“ఇంకో భాగం పెట్టమంటావా, బావా?” అన్నాను.