నరం పట్టేసిందా? సాగదీయడమా, బరువు మోపడమా, ఆగడమా

గుంటూరులోనైనా బెజవాడలోనైనా ఒంట్లో ఎక్కడ నొప్పి చేసినా మన నోట వచ్చే మాట ‘నరం పట్టేసింది’. పిక్కలో కండరం చిరిగినా నరమే, కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు, అంటే టెండన్, నొప్పి పెట్టినా నరమే, జబ్బ దగ్గర కీలు బిగుసుకుపోయినా నరమే. నడుములోంచి కాలికి దిగే అసలు నరం నలిగితే దానికీ అదే పేరు. చేతిమీద ఉబ్బి కనిపించే రక్తనాళాన్ని సైతం నరమనే అంటాం. మాటవరకు దీనివల్ల వచ్చే ఇబ్బంది లేదు గాని, వ్యాయామం మొదలుపెట్టేసరికి వీటిలో ఒకదానికి మందైన స్ట్రెచింగ్ మరొకదానికి చేటు చేస్తుంది. అందువల్ల ఏ స్ట్రెచింగ్ మేలు అన్న ప్రశ్నకు ముందు, అసలు పట్టేసింది ఏది అన్న ప్రశ్న తేలాలి. ఈ వరస నాకు తెలిసివచ్చింది నా ఎడమ పిక్క వల్ల.

రెండేళ్ల కిందట బెజవాడలో షటిల్ ఆడుతూ, నెట్ పక్కన పడబోతున్న కాక్ కోసం ముందుకు దూకినప్పుడు, వెనకనుంచి ఎవరో రాయి విసిరినట్టు పిక్కలో టప్పుమంది. తిరిగి చూశాను కూడా. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. కోర్టులో నాకన్నా చిన్నవాడొకడు, మంచి మనసుతోనే, “పట్టిన నరాన్ని లాగితే గాని వదలదు బాబాయ్” అని నా పాదాన్ని పట్టుకుని వేళ్లను మోకాలివైపు బలంగా వంచాడు. మర్నాటికి పిక్క వాచింది, రెండు రోజులకు నీలం రంగు చీలమండ దాకా దిగింది. గుంటూరు కొత్తపేటలో నేను చూపించుకున్న ఫిజియోథెరపిస్టు అంతా విని, “చిరిగిన గుడ్డను ఇంకాస్త లాగారండీ, అంతే” అన్నారు.

ఆ మాటలోనే మొదటి తీర్పు ఉంది. కండరం కొత్తగా చిరిగినప్పుడు, తొలి 3 నుంచి 5 రోజులు, ఏ రకం స్ట్రెచింగూ మేలు కాదు. చిరిగిన అంచుల మధ్య ఏర్పడుతున్న లేత మచ్చకణజాలానికి లాగుడును తట్టుకునే బలం అప్పటికింకా రాదు. అలాగని మంచానికి అతుక్కుపోవడమూ సరికాదు. నొప్పి పుట్టనంత మేరకు పాదాన్ని కిందికీ పైకీ మెల్లగా ఆడించడం, గుడ్డ పట్టీ చుట్టుకుని కాలు ఎత్తుమీద పెట్టుకోవడం, కర్ర ఊతంతోనైనా రోజూ నాలుగడుగులు వేయడం ఆ రోజుల పని. గట్టి మాలీషు ఆ వారంలో వద్దు. ఆటలో ఏమీ తగలకుండానే, ముఖ్యంగా సుదీర్ఘ ప్రయాణం తరవాతనో కాలికి సిమెంటుకట్టు వేసినప్పుడో, ఒక పిక్క వాచి వేడిగా ఉంటే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు కాబట్టి, దాన్ని లాగడానికీ రుద్దడానికీ పూనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ దశ దాటాకనే పోలిక మొదలవుతుంది. మొదటిది నిలిపి సాగదీయడం. గోడకు రెండు చేతులూ ఆనించి, నొప్పి కాలును వెనక్కి పెట్టి, మడమ నేలను వదలకుండా ముందుకు ఒరగాలి. మోకాలు నిటారుగా ఉంటే పిక్కలో పైకి కనిపించే పెద్ద కండరం సాగుతుంది; అదే భంగిమలో మోకాలు కొద్దిగా వంచితే దాని అడుగున ఉన్న కండరానికి పని పడుతుంది. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు, మెట్లు దిగేటప్పుడు మిగిలిపోయే బిగువు తరచుగా ఆ అడుగు కండరానిదే. ఒక్కోసారి 30 సెకన్లు, మూడు నాలుగు సార్లు చేస్తే సరిపోతుంది. 60 ఏళ్లు దాటినవారు నిమిషం దాకా నిలిపితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. సాగుతున్న బిగువు తెలియాలి గాని పళ్లు బిగించేంత నొప్పి ఉండకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు, రెండో మనిషి అవసరం లేదు, తప్పు చేసినా పెద్ద ప్రమాదం లేదు. ఇంట్లో ఒంటరిగా చేసుకునేవారికి నా మొదటి ఓటు దీనికే. అయితే తొలి వారాల్లో కాలు ఎక్కువ వంగడానికి కారణం కండరం పొడవు పెరగడం కన్నా, ఆ లాగుడును ఓర్చుకోవడం మెదడుకు అలవాటు కావడమేనన్న సంగతి గుర్తుంచుకోవాలి. నాలుగు రోజులు మానేస్తే మళ్లీ మొదటికి వచ్చినట్టు అనిపించేది అందుకే.

రెండోది కదులుతూ సాగదీయడం: గోడ పట్టుకుని కాలును ముందుకూ వెనక్కీ ఊపడం, చీలమండను గుండ్రంగా తిప్పడం, పెద్ద అడుగులు వేస్తూ మోకాలు వంచడం వంటివి. గాయాన్ని మాన్పడంలో దీని పాత్ర చిన్నది, ఆటకు ముందు మాత్రం ఇదే మేలు. పరుగుకూ దూకుడుకూ ముందు ఒకే కండరాన్ని నిమిషానికి మించి నిలిపి సాగదీస్తే దాని బలం కాసేపు కొంత తగ్గుతుంది. మే నెలలో మన ఊళ్లలో ఇంటినుంచి కోర్టుకు వచ్చేసరికే చొక్కా తడిసిపోతుంది గనక వార్మప్ అక్కర్లేదనుకునేవారు చాలామంది. ఎండకు వేడెక్కింది చర్మం, కండరం వేడెక్కాలంటే అది పనిచేయాల్సిందే.

మూడోది బిగించి వదలడం. దీని మూలాలు 1940లలో అమెరికాలో పక్షవాతం, పోలియో రోగులకు హెర్మన్ కాబట్ అనే వైద్యుడు, మార్గరెట్ నాట్ అనే థెరపిస్టు రూపొందించిన పద్ధతిలో ఉన్నాయి. వెల్లకిలా పడుకున్నవారి కాలును మరొకరు పైకెత్తి పట్టుకుంటారు; పడుకున్నవారు ఐదారు సెకన్లు ఆ చేతిని కిందికి నెట్టి, ఆ తరవాత వదులు చేస్తే, కాలు అప్పటిదాకా పోని ఇంకొంత దూరం పోతుంది. వెంటనే కనిపించే తేడా చూస్తే మూడింటిలో ఇది ముందుంటుంది. కానీ చేయించేవారికి చేతి ఒడుపు తెలియాలి, ఎక్కడ ఆపాలో తెలియాలి. చిరిగిన కండరం ఇంకా కుదుటపడని వారాల్లో దాన్ని బిగించమనడమే పొరపాటు. తువ్వాలు పాదానికి తగిలించుకుని ఒంటరిగా చేయవచ్చు గాని, తెలిసినవారు ఒకటి రెండు సార్లు చేయించాకనే ఆ పని పెట్టుకోవాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ కండరానికి. టెండన్ దగ్గరికి వచ్చేసరికి నా అభిప్రాయం పూర్తిగా మారింది. మడమ వెనక ఉండే అకిలీజ్ టెండన్ నొప్పితో నెలల తరబడి బాధపడేవారు దాన్ని సాగదీస్తూనే ఉంటారు, అది కదలకుండా నొప్పి పెడుతూనే ఉంటుంది. దానికి కావలసింది బరువు. 1998లో స్వీడన్‌కు చెందిన హోకన్ అల్ఫ్రెడ్‌సన్ బృందం ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ ఫిజియోల నోట వినిపిస్తుంది: మెట్టు అంచున మునివేళ్లమీద నిలబడి, మంచి కాలి సాయంతో పైకి లేచి, నొప్పి కాలిమీద బరువు మోపుతూ మడమను మెల్లగా మెట్టు కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఒక విడత, వంచి ఒక విడత, ఒక్కో విడతలో 15 చొప్పున మూడుసార్లు, రోజుకు రెండు పూటలా, 12 వారాలు. ఓపిక పరీక్షించే లెక్కే. అయితే నొప్పి టెండన్ మధ్యలో కాకుండా అది మడమ ఎముకను అంటుకునే చోటే ఉంటే, మడమను మెట్టు కిందికి దించకుండా సమనేల దగ్గరే ఆపాలి. కిందికి దించినప్పుడు టెండన్ ఎముకకు ఒరుసుకుని నొప్పి పెరుగుతుంది. గోడకు ఆనుకుని చేసే స్ట్రెచింగ్ వీరికి పడకపోవడానికీ కారణం అదే.

దీనికి అంగుళం దూరంలో ఉండే అరికాలి నొప్పి కథ వేరు. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుండేది సాధారణంగా అరికాలి పట్టీ, అంటే మడమనుంచి వేళ్లవైపు సాగే గట్టి పొర, నొప్పి; దానికి సాగదీయడం నిజంగా పనిచేస్తుంది. ఏ సాగదీత అన్నదానికి 2003లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం దారి చూపింది. పిక్కను సాగదీసినవారి కన్నా, నేరుగా అరికాలిని సాగదీసినవారికి 8 వారాలకు ఎక్కువ ఉపశమనం దొరికింది. రెండేళ్ల తరవాత చూస్తే రెండు జట్లూ దాదాపు సమానమయ్యాయి. అంటే అరికాలి పద్ధతి తొందరగా తేలికపరుస్తుందన్నమాట. మంచం మీదే కూర్చుని, నొప్పి కాలును రెండో మోకాలిమీద వేసుకుని, కాలి వేళ్లను మోకాలివైపు వంచి పది సెకన్లు పట్టుకోవడం, అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మొదటి విడత నేలమీద అడుగు పెట్టకముందే అయిపోవాలి. లేచి కాఫీ తాగాక చేస్తామనేవారికి సగం ఫలితం అక్కడే పోతుంది.

జబ్బ బిగుసుకుపోవడం, అంటే ఫ్రోజెన్ షోల్డర్, ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్లవారికి, అందులోనూ షుగరు ఉన్నవారికి వస్తుంది. జడ వేసుకోవడానికీ, జేబులోంచి పర్సు తీయడానికీ చెయ్యి వెనక్కి పోదు. ఇంట్లోవారు, ‘లాగకపోతే అలాగే ఉండిపోతుంది’ అని తొందరపెడతారు. నొప్పి మండిపోతున్న తొలి నెలల్లో తొందరపడినవారు నష్టపోతారు. నెదర్లాండ్స్‌లో 77 మందిని రెండేళ్లపాటు గమనించి 2004లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నొప్పి దాకా లాగి తీవ్రంగా వ్యాయామం చేయించినవారిలో 63 శాతం మంది భుజం మామూలుగానో దాదాపు మామూలుగానో పనిచేసింది. నొప్పి రానంత మేరకే ఆడిస్తూ ఓపికపట్టినవారిలో అది 89 శాతం. ముందుకు వంగి, చేతిని బావిలోకి వేలాడే చేదలా వదిలేసి చిన్నచిన్న సున్నాలు చుట్టడం ఆ రోజులకు తగిన వ్యాయామం. నొప్పి తగ్గి బిగువు మాత్రమే మిగిలాక, అప్పుడు గోడమీద వేళ్లతో పైకి పాకడం, వీపు వెనక తువ్వాలు పట్టుకుని లాగడం మొదలుపెట్టవచ్చు.

ఇక అసలు నరం. మిర్చి యార్డులో టిక్కీలు మోసేవారి నుంచి రోజంతా కుర్చీలో కూర్చునేవారి దాకా, నడుము నొప్పి పిరుదు గుండా మోకాలి కిందికి దిగితే తొడ వెనక కండరం బిగిసిందనుకుని తువ్వాలు వేసి కాలును పైకి లాగుతారు. ఒక చిన్న పరీక్ష చాలా సందేహాలు తీరుస్తుంది. కాలు చాచి ఎత్తినప్పుడు వచ్చే లాగుడు, మెడ వంచి గడ్డాన్ని గుండెకు ఆనించగానే పెరిగితే, లేదా దానితోపాటు తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు జలదరింపు ఉంటే, అది కండరం కాకపోవచ్చు. చికాకుపడిన నరాన్ని నిలిపి సాగదీస్తే మరింత చికాకుపడుతుంది. దానికి మెల్లగా జార్చే కదలికలు వేరే ఉన్నాయి, వాటిని చూసి నేర్చుకోవాలి. మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ మొద్దుబారినా అది ఫిజియోథెరపీ వ్యవహారం కాదు, ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలసిన వ్యవహారం.

గాయమేమీ లేకుండా ఒళ్లు సులువుగా కదలాలని మాత్రమే కోరుకునేవారికి ఇన్ని లెక్కలు అక్కర్లేదు. మా నాన్నగారి తరం నేలమీద బాసింపట్టు వేసుకుని తిని, గొంతుక్కూర్చుని బట్టలు ఉతుక్కుని, తెలియకుండానే తుంటినీ మోకాలినీ చీలమండనూ రోజూ పూర్తిగా వంచింది. డైనింగు టేబులూ, కుర్చీలాంటి మరుగుదొడ్డీ వచ్చాక ఆ వంపు పోయింది. మోకాళ్లు అరగనివారు రోజుకు ఒక పూటైనా నేలమీద కూర్చుని భోంచేస్తే, ఏ స్ట్రెచింగ్ వీడియోకూ తీసిపోని ఫలితం ఉంటుందని నా నమ్మకం. మోకాళ్లు ఇప్పటికే అరిగినవారికి ఈ సలహా వర్తించదు.

నా పిక్క ఏడో వారానికి ఆటకు ఒప్పుకుంది. ఇప్పుడు కోర్టుకు వెళ్లే ముందు కాళ్లు ఊపుతాను, ఇంటికొచ్చాక గోడ పట్టుకుని రెండు రకాలుగా 30 సెకన్లు నిలుస్తాను, వారానికి మూడు రోజులు వంటింటి వెనక మెట్టు అంచున మడమలు ఎత్తి దించుతాను. ఆ మూడింటిలో ఏదో ఒకటి మానక తప్పని రోజున మానేది గోడ దగ్గరి పనే, మెట్టు దగ్గరిది కాదు.