ట్రైకో కార్డులు ఫోన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

జొన్న, చోడి వేసినవాళ్ళు ముందు ఇది చదవండి దయచేసి. ట్రైకో కార్డులంటే కాండం పురుగుని అదుపు చేసే మిత్రపురుగు లోపల పెరుగుతున్న గుడ్లు అంటించిన అట్టలు. అవి అమ్మి నన్ను మోసం చేసినాయన పేరు రాయట్లేదు, రోజూ పొద్దున్నే వీడియో పెట్టి బయో, బయో అని చెప్పే ఆయనే, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

మాది కోనసీమలో లంక పొలం. ఈ దాళ్వాకి ఎకరం జొన్న వేశాను, తణుకులో నాలుగిళ్ళ వాళ్ళకి చుక్క పురుగుమందు పడకుండా పండించి ఇస్తానని మాటిచ్చాను. పక్క చేను బాబాయి మొదట్లోనే మొక్క సుడుల్లో పురుగుమందు గుళికలు వేసెయ్యరా అన్నాడు, నేనే వినలేదు. కాండం తొలిచే పురుగుకని దఫాకి 50 వేల గుడ్ల లెక్కన మూడు దఫాలకి 9 కార్డులు తెప్పించాను, కార్డు 150, కొరియర్ వేరే.

ట్రైకోగ్రామా అంటే మిల్లీమీటరు కూడా ఉండని చిన్న కందిరీగ జాతి పురుగండీ, పైరు జోలికి రాదు, కాండం పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది, దాని పిల్ల ఆ గుడ్డుని లోపలే తినేస్తుంది. దాన్ని పెంచడానికి బియ్యంలో జాలెక్కించే పురుగు గుడ్లు అట్టకి అంటించి, అవి పిల్లలవ్వకుండా అల్ట్రావయొలెట్ లైటు కింద పెట్టి, అప్పుడు ట్రైకోని వదులుతారు. అది పట్టిన గుడ్డు మూడు నాలుగు రోజులకి నల్లబడుతుంది. నాకొచ్చిన కార్డులు బొంబాయి రవ్వ అద్దినట్టు తెల్లగా ఉన్నాయి. ఫోన్ చేస్తే "రెండ్రోజుల్లో నల్లబడతాయండీ అన్నగారూ, మీరు పిన్ను కొట్టేయండి" అన్నాడు. నమ్మేశాను. అక్కడే తప్పు చేశాను, తెల్లగా కనపడుతుంటే కళ్ళతో చూసి కూడా పొద్దువాలాక ఆకుల అడుగున ఒక్కోటీ పిన్ను కొట్టుకుంటూ వెళ్ళాను.

ఎందుకో ఒక ముక్క కత్తిరించి పచ్చడి సీసాలో వేసి మూతికి గుడ్డ కట్టాను. వారంలోపు సీసా గోడ మీద తెల్లగా దారప్పోగు ముక్కల్లా పాకుతున్నాయి. రైతు సేవా కేంద్రంలో అగ్రికల్చర్ అసిస్టెంట్‌కి చూపిస్తే భూతద్దం పెట్టి చూసి, ఇందులో ట్రైకో లేదండీ, ఇవి బియ్యం పురుగు పిల్లలు అన్నారు. అమ్మ అయితే డబ్బులిచ్చి బియ్యం పురుగు కొనుక్కొచ్చావా అని కూలబడిపోయింది. ఈలోగా చేలో ఆకుల మీద వరసగా చిల్లులు, మొవ్వు పట్టుకుని లాగితే చేతిలోకి ఊడొచ్చేస్తోంది.

ఆ సీసా వీడియో తీసి పంపి ఫోన్ చేశాను. డబ్బు కట్టే వరకు మాట మాటకీ అండి అన్న మనిషి, ఎత్తగానే "నువ్వేం మందు కొట్టావో నాకేం తెలుసు, పురుగులొస్తాయన్నాను, వచ్చాయిగా, ఇంకేం కావాలి నీకు" అన్నాడు. నువ్వంట! నాకంటే పదేళ్ళు చిన్నవాడు. పక్కనెవరో నవ్వడం వినిపించింది, ఫోన్ పెట్టేశాడు, తర్వాత నంబరు బ్లాక్. 1350 రూపాయలు పోతే పోయాయండీ, ఆ నవ్వు మూడ్రోజుల నుంచి నిద్ర పట్టనివ్వట్లేదు. ఇప్పుడు ఊళ్ళో అందరూ ఈ మిత్రపురుగులన్నీ మోసం, గుళికలే నయం అంటున్నారు. ట్రైకో మోసం కాదు, నిజం కార్డు చేతికి రాలేదంతే, ఆ మాట చెప్పినా ఇప్పుడు నా మాట వినేవాళ్ళు లేరు.

మొవ్వు చచ్చిన మొక్కలన్నీ పీకించి తగలబెట్టాను, 1500 పీపీఎం వేపనూనె లీటరుకి 5 మిల్లీ చొప్పున కొడుతున్నాను. ఎంత నిలబడుతుందో చూడాలి.

కొనేవాళ్ళు గుడ్లు నల్లగా ఉన్నాయా, కార్డు మీద తయారీ తేదీ, ట్రైకో బయటికొచ్చే తేదీ వేశారా చూసుకోండి, నల్లగా ఉన్నా సూదిమొనంత చిల్లులుంటే అప్పటికే ఎగిరిపోయినట్టే. చేలో పిన్ను కొట్టేముందు ఒక ముక్క సీసాలో వేసి ఉంచుకోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాను, మిగిలిన 6 కార్డులు, ఆ సీసా పారెయ్యకుండా ఉంచాను. ఇదే మనిషి దగ్గర మోసపోయినవాళ్ళుంటే బిల్లు ఫోటోతో మెసేజ్ పెట్టండి, కలిసి వెళదాం.