రోడ్డు పనుల శిక్షణ: క్వాలిటీ ల్యాబుకు పూర్తి మార్కులు, జేసీబీకి సగమే

మా కోనసీమలో రోడ్డు పని అంటే ఆడవాళ్లకు తట్ట, మగవాళ్లకు స్టీరింగు అన్న వాటా ఎప్పటి నుంచో స్థిరపడిపోయింది. ఆ వాటాను మారుస్తామంటూ మహిళలకూ మైనారిటీ వర్గాల వారికీ రోడ్లు, వంతెనల నిర్మాణంలో మూడు నెలల శిక్షణ ఇచ్చే ప్రైవేటు కేంద్రంలో చేరి, ఈ మధ్యనే కోర్సు పూర్తి చేశాను. లోపాలు కూడా చెప్పవలసి ఉంది కనుక కేంద్రం పేరు రాయడం లేదు.

ఇక్కడ నేర్పేవి రెండు: క్వాలిటీ ల్యాబు పని, అంటే రోడ్డుకు వాడే మట్టి, కాంక్రీటు నాణ్యతను పరీక్షించడం; జేసీబీ నడపడం. ల్యాబు శిక్షణలో నాకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. వేసవిలో నెర్రెలు విచ్చి, వానలకు ఉబ్బి, కాలువ గట్టు మీద వేసిన తారు రోడ్డును ఎగుడుదిగుడు చేసే మా నల్లమట్టి గుణం ఈ ప్రాంతంలో పుట్టిన వారికి ఎవరూ చెప్పనక్కరలేదు గానీ, ఆ ఉబ్బును కొలవవచ్చని నాకు ఇక్కడికి వచ్చేదాకా తెలియదు. ఎండబెట్టి సన్న జల్లెడ పట్టిన మట్టిని 10 గ్రాముల చొప్పున తూచి, 100 మిల్లీలీటర్ల గాజు కొలజాడీలు రెండింటిలో వేసి, ఒకదానిలో నీళ్లు, రెండవదానిలో కిరసనాయిలు పోసి, బుడగలు పోయేలా కలిపి ఒక రోజంతా కదపకుండా ఉంచుతారు. మర్నాడు చూస్తే కిరసనాయిలులోని మట్టి అడుగున అణిగి ఉంది, నీళ్లలోది దానికి ఒకటిన్నర రెట్లు దాటి పొంగి ఉంది. "ఈ తేడాయేనమ్మా, రేపు మీ రోడ్డు మీద గుంత" అన్నారు ల్యాబు నేర్పే పెద్దాయన.

మట్టి అచ్చును నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి బలం చూసే సీబీఆర్ పరీక్షను మా అందరి చేతా తలా మూడుసార్లు చేయించారు. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబు మీద ఎవరి పేరు వారే రాసుకొని, 28వ రోజున మిషను కింద పెట్టి ఎవరిది వారే పగలగొట్టాలి. నా క్యూబు ఫెయిలయింది. రిజిస్టరులో ఆ అంకెను దిద్దబోతే ల్యాబు పెద్దాయన నా చేతిలోని పెన్ను తీసుకున్నారు. కోర్సు మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చిన పాఠం అదే.

జేసీబీ దగ్గర పరిస్థితి వేరు. 22 మందికి ఒక్కటే బండి. డీజిలు లేదన్న రోజులు పోగా, మనిషికి పూటకు పావుగంట దక్కితే గొప్ప. ఫీజులో కలిపి ఇస్తామన్న లైసెన్సు ఎల్లెల్లార్ (నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) దగ్గరే ఆగిపోయింది. పైగా ప్రాక్టికల్స్‌ను ఆదివారం ఉదయం పెట్టారు. తరగతిలో సగం మందికి అది చర్చికి వెళ్లే వేళ అని, ఇలాంటి కోర్సు నడిపేవారికి ఒకరు చెప్పవలసి రావడం నాకు వింతగా తోచింది. అడిగాక మూడో వారం నుంచి శనివారానికి మార్చారు. తలగుడ్డ మీద హెల్మెట్ పట్టక ఇబ్బంది పడిన ముస్లిం యువతికి మాత్రం, వెనకనున్న పట్టీని వదులు చేసి, గడ్డం కింది బెల్టును సరిచేసి, మొదటి రోజే కుదిర్చారు.

అసలు చిక్కు ఉద్యోగాల దగ్గర వచ్చింది. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా డెల్టా పాయలు దాటుకుంటూ పోయే 216వ జాతీయ రహదారి వెంబడి ఏదో ఒక పని సాగుతూనే ఉంటుంది కనుక, ల్యాబు నేర్చిన వారిలో చాలా మందికి పిలుపు వచ్చింది. ఆపరేటర్లుగా వెళ్లిన వారిని ఒక కాంట్రాక్టరు "ఆడవాళ్లకు సైటులో బాత్రూము లేదండి" అని తిప్పి పంపారు. నిర్మాణం జరిగే చోట మరుగుదొడ్డి ఉండాలనీ, 50 మందికి మించి మహిళలు ఉంటే ఆరేళ్ల లోపు పిల్లలకు గది కూడా ఉండాలనీ 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలో రాసి ఉన్న సంగతి మాకు క్లాసులో బోర్డు మీద రాసి మరీ చెప్పినవారే, మమ్మల్ని పంపే ముందు ఆ సైటుకు ఫోను చేసి ఈ ఒక్క మాట అడగలేదు. సమాన పనికి సమాన కూలి అన్న, అప్పటి దాకానే అమలులో ఉన్న 1976 నాటి చట్టాన్నీ అలాగే బోర్డు మీద రాశారు. ఆడకూలి, మగకూలి వేర్వేరు పేజీల్లో రాసిన మేస్త్రీ పుస్తకాన్ని నేను సైటు చూడడానికి వెళ్లిన రోజే చూశాను. ల్యాబు ఉద్యోగంలో జీతం పోస్టును బట్టి ఉండడం వల్ల ఆ తేడా నా దాకా రాలేదు.

ల్యాబు పని కోసమైతే నిస్సందేహంగా చేరవచ్చు. జేసీబీ కోసం చేరేవారు ఫీజు కట్టే ముందే, బండి మీద తమకు ఎన్ని గంటలు ఇస్తారో, లైసెన్సు ఎప్పటికి చేతికి వస్తుందో కాగితం మీద రాయించుకోవాలి. క్లాసు సాయంత్రం ఆరు దాటాక వదులుతారు. లంక గ్రామాలకు వెళ్లేవారు ఆఖరి బస్సు వేళ కూడా ముందే కనుక్కోవడం మంచిది.