సొంత పేరుతో మెయిల్: ఏడేళ్లు వాడాక

అంబాజీపేటలో నాది కొబ్బరి వ్యాపారం. కాయతో పాటు కొబ్బరి పొట్టు ఇటుకలు బెంగళూరు నర్సరీలకు పంపుతాను. 2018లో కొట్టు పేరుతో డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) కొని, పాత ఉచిత మెయిల్ వదిలేసి అందులోకి మారాను. కొత్తలో కనిపించిన ప్రతివాళ్లనీ తీసుకోమన్నాను. ఇప్పటికీ అదే అంటాను. మెయిల్ నడిపే కంపెనీని రెండుసార్లు మార్చినా నా చిరునామా మారలేదు, బిల్లు పుస్తకాలు మళ్లీ అచ్చు వేయించే పని పడలేదు. ఆ హాయి వేరు. కాకపోతే అప్పట్లో ఒక సంగతి చెప్పలేదు. నాకే తెలియదు.

డొమైన్ కొనేటప్పుడు ఖాతా పాత మెయిల్‌తోనే తెరిచాను. కొత్తది అప్పటికి లేదు కదా. నాలుగేళ్లకు ఒకేసారి కట్టేసి మరిచిపోయాను. 2022 జూన్ ఆఖరికి గడువు తీరింది. కొద్ది రోజులకే మెయిల్ రావడం ఆగిపోయింది. జూలైలో గోదారి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. మా ఇల్లు లంకలో. వీధరుగు మునిగింది, పశువుల్ని ఏటిగట్టు మీదకి తోలాం, కరెంటు లేదు. ఆర్డర్లు రాకపోతే, ఈ వరదలో సరుకు ఎవరడుగుతారులే అనుకున్నాను.

ఆగస్టులో బెంగళూరు నుంచి ఫోన్. "కొట్టు ఎత్తేశారా అండీ? మూడు మెయిళ్లు పంపితే మూడూ తిరిగొచ్చాయి. సరుకు పొల్లాచ్చి నుంచి తెప్పించుకున్నాం."

కాళ్లూ చేతులూ ఆడలేదు. పాత మెయిల్ పాస్‌వర్డ్ కొట్టులో ఓ పాత పంచాంగం అట్ట లోపల రాసి ఉంది. తెరిస్తే ప్రకటనల కింద మూడు నోటీసులు. గడువుకి నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, తీరాక ఒకటి. డొమైన్ అమ్మిన వాళ్లు సక్రమంగానే పంపారు, నేను చూడని చోటికి. అప్పటికే డొమైన్ రిడెంప్షన్‌లోకి, అంటే ఎక్కువ రుసుము కట్టి పేరు విడిపించుకునే ఆఖరి ముప్పై రోజుల గడువులోకి వెళ్లింది. ఆ ముప్పై రోజులూ దాటితే ఇంకో ఐదు రోజులకు పేరు బజార్లో పడుతుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఏడాది రుసుముకి ఏడెనిమిది రెట్లు కట్టి విడిపించాను. పేరు దక్కింది గానీ, ఆ నెలన్నరలో తిరిగిపోయిన మెయిళ్లు మళ్లీ రాలేదు. ఆ నర్సరీ ఇప్పుడు సగం సరుకు పొల్లాచ్చి నుంచే తెప్పించుకుంటోంది. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకే తీసుకోమని ఇప్పుడు చెప్పేటప్పుడు, పాతది మాత్రం మూయొద్దని కూడా చెబుతున్నాను. బ్యాంకు, బీమా, డొమైన్ ఖాతా ఒక్కొక్కటే మార్చుకోవాలి. నాకైతే రెండేళ్లు పట్టింది. వదిలేసినా కష్టమే. రెండేళ్లు వాడని ఖాతాలు తీసేయవచ్చని గూగుల్ 2023లో నియమం పెట్టింది. బయటి రాష్ట్రాలకు బిల్లులు పంపే నాకు ఇంత తిప్పలూ గిట్టుబాటే. ఊళ్లోనే అమ్ముకునే మా తమ్ముడికి వాట్సాప్ చాలు, వాడిని తీసుకోమని అనలేదు.

నేను ప్రతి నెలా ఒకటో తారీఖున దింపు కూలి లెక్క చూసేటప్పుడు పాత మెయిల్ కూడా తెరుస్తాను. మొన్న మా నాన్న బీమా నోటీసు అందులోకే వచ్చింది.