పది గ్రూపులకు పంపితే ఉచిత నోట్సు అంటారు, నమ్మకండి

గ్రూప్-2కు చదువుతున్నవాళ్లు ముఖ్యంగా చూడండి. జనరల్ స్టడీస్ నోట్సు, తెలుగు మాధ్యమం, 480 పేజీలు, పూర్తిగా ఉచితం అంటూ గత వారం నాకొక లింకు వచ్చింది. తెరిస్తే మొదటి రెండు పేజీలు శుభ్రంగా ఉన్నాయి, మూడో పేజీ నుంచి అంతా మసక. కింద ఒక ఆకుపచ్చ గీత, దాని పక్కన "పది వాట్సాప్ గ్రూపులకు పంపితే తాళం తెరుచుకుంటుంది" అని రాసి ఉంది. డబ్బులు అడగడం లేదు కదా అనుకుని మొదలుపెట్టాను.

ఇంటి గ్రూపు, డిగ్రీ స్నేహితుల గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, దేన్నీ వదల్లేదు. మధ్యలో ఒకసారి పొరపాటున ఎవరికీ పంపకుండానే వెనక్కి వచ్చాను. అయినా గీత జరిగింది! మనం వాట్సాప్‌లో ఎవరికి పంపామో ఆ పేజీకి తెలిసే దారే లేదు, బటన్ ఎన్నిసార్లు నొక్కామో లెక్కపెడుతుంది, అంతే. అప్పుడైనా ఆగాల్సింది, ఆశ ఆగనివ్వలేదు.

గీత నిండాక "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అన్నది. నొక్కాను. అది నోటిఫికేషన్లకు ఇచ్చే అనుమతి అని ఆ రాత్రి రమ్మీ ప్రకటనలు, "మీ ఫోనులో వైరస్ ఉంది" అన్న బెదిరింపులు వరసకట్టాక గాని అర్థం కాలేదు. తరువాత రెండు యాప్‌లు వేసుకోమన్నది. మనం వేసుకున్న ఒక్కో యాప్‌కూ ఇలాంటి పేజీలు నడిపేవాళ్లకు కమీషన్ ముడుతుంది. చివరికి ఫోను నంబరు కూడా ఇస్తే పీడీఎఫ్ దిగింది. 62 పేజీలు! అట్ట తీసేసిన పాత పదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకంలోని ముక్క. పాఠ్యపుస్తకాలను, వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఏ షరతూ లేకుండా ఎవరైనా దించుకోవచ్చు.

నాలాగా ఇప్పటికే నొక్కినవాళ్లు క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్ తెరిచి, నోటిఫికేషన్ల జాబితాలో ఆ పేజీని తీసేయండి. యాప్‌లు కూడా తొలగించండి. ప్రకటనల కాల్స్ మొదలైతే 1909కి ఫిర్యాదు చేయవచ్చు. ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

నేను పంపినవన్నీ మరునాడు పొద్దున డిలీట్ చేస్తూ కూర్చున్నాను. ఇంతలో పెద్దనాన్న ఫోన్.

"అమ్మాయీ, నువ్వు పంపింది ఎంతకీ తెరుచుకోవడం లేదమ్మా. నేనూ మా పెన్షనర్ల గ్రూపులన్నింటికీ పంపాను, ఇంకా రెండు తక్కువయ్యాయి. ఎవరికి పంపమంటావు?"